గింజ ఎంపికలో ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్‌లు: వేగవంతమైన సంకేత విశ్లేషణకు ఒక సాధనం

పంట కోత తరువాత గింజను శుభ్రపరచడం వ్యవసాయమంత పాత పని. తూర్పార పట్టి పొట్టును, జల్లెడ పట్టి నూకను, చేటతో చెరిగి రాళ్లను వేరుచేయడం తరతరాలుగా వస్తున్నది. ఇవన్నీ గింజ బరువు, పరిమాణం మీద ఆధారపడిన పద్ధతులు. బరువులోనూ పరిమాణంలోనూ మంచి గింజతో సమానంగా ఉండి, రంగులో మాత్రమే తేడా ఉన్న గింజను ఇవి పట్టుకోలేవు. రంగు మారిన బియ్యపు గింజ, బూజు సోకిన వేరుశనగ పప్పు, మొలక భాగంలో మచ్చ పడిన మొక్కజొన్న గింజ ఈ కోవకు చెందినవి. వీటిని చూసి ఏరవలసిందే. చేతితో ఏరే పనికి కూలీలు, సమయం ఎక్కువగా కావాలి. అందువల్ల నేటి మిల్లులలో ఆ పనిని కెమెరాలు, గాలి గొట్టాలు కలిగిన యంత్రాలు చేస్తున్నాయి. వ్యవహారంలో వీటినే ‘సార్టెక్స్’ యంత్రాలంటారు.

ఈ యంత్రం కంటికి, గాలి గొట్టానికి మధ్య ఉన్న మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు అవసరం. గింజ మంచిదా, చెడ్డదా అనే నిర్ణయం రైతుకు దక్కే ధరనూ వినియోగదారుని ఆరోగ్యాన్నీ ప్రభావితం చేస్తుంది. అంతటి నిర్ణయానికి యంత్రానికి దొరికే వ్యవధి కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే.

కాలం లెక్క

ఉదాహరణకు, వాలు పలక మీద నుంచి జారిన గింజ కెమెరా ముందుకు వచ్చేసరికి సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతున్నదనుకుందాం. కెమెరా చూసే గీతకు 6 సెంటీమీటర్ల దిగువన గాలి గొట్టం ఉన్నది. భూమ్యాకర్షణ వల్ల పెరిగే వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, గింజ గొట్టం ముందుకు చేరడానికి సుమారు 19 మిల్లీసెకన్లు పడుతుంది. చిత్రం తీయడం, శుద్ధి చేయడం, గింజ హద్దులను గుర్తించడం, రంగును కొలవడం, నిర్ణయించడం, కవాటాన్ని తెరవడం అన్నీ ఈ వ్యవధిలోనే జరగాలి.

ఇక్కడ వేగం ఎంత ముఖ్యమో సమయపాలన అంతే ముఖ్యం. గాలి 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా వెలువడితే ఆలోగా గింజ సుమారు 6 మిల్లీమీటర్లు దాటిపోతుంది. ఇది ఒక బియ్యపు గింజ పొడవుతో సమానం. అప్పుడు చెడ్డ గింజ తప్పించుకుంటుంది, దాని వెనుక వచ్చే మంచి గింజ దెబ్బ తింటుంది. సాధారణ కంప్యూటరు ఒకే సమయంలో అనేక పనులను నిర్వహిస్తూ ఉంటుంది. ఒక పని మధ్యలో మరొక పని చొరబడితే కొన్ని మిల్లీసెకన్ల జాప్యం ఏర్పడవచ్చు. సరాసరి వేగం బాగానే ఉన్నా, ప్రతి గింజకూ ఒకే వ్యవధిలో జవాబు వస్తుందన్న హామీ అందులో తేలికగా లభించదు.

ఇక దత్తాంశం పరిమాణం చూద్దాం. ఒక గీతలో 2,048 బిందువులు, ప్రతి బిందువుకు 3 రంగులు, సెకనుకు 10,000 గీతలు తీసే కెమెరా సెకనుకు 6,14,40,000 విలువలను అందిస్తుంది. గింజ సెకనుకు 3 మీటర్లు పడుతుంటే ఒక గీతకు, తరువాతి గీతకు మధ్య దూరం 0.3 మిల్లీమీటరు. చిన్న మచ్చను గుర్తించడానికి ఈ మాత్రం సూక్ష్మత కావాలి. ప్రతి విలువకూ చుట్టూ ఉన్న 9 బిందువులతో ఒక వడపోత చేస్తే సెకనుకు 55 కోట్లకు పైగా గుణకారాలు అవసరమవుతాయి. ఇది ఒక కెమెరా, ఒక వడపోత లెక్క మాత్రమే. గింజను రెండు మూడు వైపుల నుంచి చూడాలంటే, అనేక వడపోతలు వరుసగా చేయాలంటే భారం అన్ని రెట్లు పెరుగుతుంది.

ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్ అంటే ఏమిటి?

మైక్రోప్రాసెసర్‌లో వలయం స్థిరంగా ఉంటుంది, ఆదేశాలు మారుతుంటాయి. ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్‌లో వలయాన్నే వినియోగదారు నిర్మించుకుంటాడు. వీటిలో ప్రధానమైన రకాన్ని ఎఫ్‌పీజీఏ అంటారు. తయారీ కర్మాగారంలో కాక, వాడే చోటనే దీని వలయాన్ని రూపొందించుకోవచ్చు. అమెరికాలో 1984లో ఏర్పడిన జైలింక్స్ సంస్థ 1985లో విడుదల చేసిన ఎక్స్‌సీ 2064 ఈ తరహాకు తొలి వాణిజ్య చిప్. ఆ సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన రాస్ ఫ్రీమన్ దీని రూపకర్తగా ప్రసిద్ధుడు. ఆ చిప్‌లో ఉన్న లాజిక్ ఖండాలు 64 మాత్రమే. నేటి చిప్‌లలో అవి లక్షలలో ఉంటాయి. హైదరాబాద్‌లో పెద్ద అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పిన ఈ సంస్థ 2022లో ఏఎండీ సంస్థలో విలీనమైంది.

ఈ చిప్‌లో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. మొదటిది చిన్న పట్టిక. నాలుగు ప్రవేశాలున్న పట్టికలో 16 గడులు, ఆరు ప్రవేశాలున్న పట్టికలో 64 గడులు ఉంటాయి. ప్రతి గడిలో 0 గాని, 1 గాని నింపి, ఏ తార్కిక సంబంధాన్నయినా అందులో పొందుపరచవచ్చు. రెండవది ఒక బిట్‌ను నిలుపుకొనే ఫ్లిప్‌ఫ్లాప్. మూడవది వీటిని కోరిన విధంగా కలిపే తీగల అల్లిక. నాలుగవది చిప్ లోపలే ఉండే జ్ఞాపక ఖండాలు, గుణకార ఖండాలు. 2004లో వచ్చిన వర్టెక్స్-4 తరం చిప్‌లలో 18 బిట్ల గుణకారిణి, 48 బిట్ల సంచయిని కలిపి ఒకే ఖండంగా అమర్చారు. గుణించి కూడటమే సంకేత విశ్లేషణలో అత్యధికంగా జరిగే పని గనుక ఈ ఏర్పాటు ఎంతో ఉపకరించింది.

వరుసలో నిలిచిన పనివారు

ఒక గంప మట్టిని చెరువు గర్భం నుంచి గట్టు మీదికి చేర్చడానికి రెండు మార్గాలున్నాయి. చురుకైన ఒక మనిషి ప్రతి గంపతోనూ పరుగెత్తవచ్చు. లేదా 20 మంది వరుసగా నిలిచి, గంపను చేతి నుంచి చేతికి అందించవచ్చు. రెండవ పద్ధతిలో ఒక్కొక్కరు నెమ్మదిగా కదిలినా, గట్టు మీదికి గంపలు ఆగకుండా వస్తాయి. ప్రాసెసర్ మొదటి పద్ధతికి, ఎఫ్‌పీజీఏ రెండవ పద్ధతికి దగ్గరగా ఉంటాయి. ఇంజనీర్లు ఈ ఏర్పాటును పైప్‌లైన్ అంటారు.

పైన చెప్పిన కెమెరా సెకనుకు 2,04,80,000 బిందువులను పంపుతుంది. మూడు రంగులకు తొమ్మిదేసి చొప్పున 27 గుణకారిణులను పక్కపక్కన అమరిస్తే, ప్రతి గడియార స్పందనకూ ఒక బిందువు పని పూర్తవుతుంది. అంటే 25 మెగాహెర్ట్జ్ గడియారమే ఈ వడపోతకు సరిపోతుంది. గిగాహెర్ట్జ్ వేగం గల ప్రాసెసర్ ఒకదాని తరువాత ఒకటిగా చేసే పనిని, ఎన్నో రెట్లు నెమ్మదైన గడియారంతో పనిచేసే చిప్ ఏకకాలంలో చేయగలుగుతున్నది.

జ్ఞాపకం విషయంలోనూ పొదుపు ఉన్నది. మూడు వరుసల, మూడు నిలువుల వడపోతకు మొత్తం చిత్రాన్ని దాచనక్కరలేదు. గడచిన రెండు గీతలను నిలుపుకొంటే చాలు. అది 12,288 బైట్లు మాత్రమే. చిప్ లోపలి జ్ఞాపక ఖండాలలోనే ఇది ఇమిడిపోతుంది కాబట్టి, బయటి జ్ఞాపకం కోసం నిరీక్షించే జాప్యం ఉండదు. కెమెరా నుంచి బిందువు వచ్చిన తరువాత ఎన్ని గడియార స్పందనలకు నిర్ణయం వెలువడుతుందో ముందుగానే లెక్కించి చెప్పవచ్చు. గాలి కవాటం సమయపాలనకు ఈ నిశ్చితత్వమే ఆధారం.

గుణకారం లేని వడపోత

వ్యవసాయ పరికరాలలో ధర ముఖ్యం. గుణకార ఖండాలు తక్కువగా ఉన్న చౌక చిప్‌తో కూడా మంచి ఫలితం సాధించవచ్చు. చిత్రంలోని చిన్న చిన్న మచ్చల గోలను తగ్గించే ఒక సాధారణ వడపోతలో మధ్య బిందువుకు 4, పైన, కింద, ఇరుపక్కల ఉన్న వాటికి 2, మూలల్లో ఉన్న వాటికి 1 చొప్పున భారాలిస్తారు. వీటి మొత్తం 16. ద్విసంఖ్యా పద్ధతిలో 2తో గుణించడమంటే బిట్లను ఒక స్థానం, 4తో గుణించడమంటే రెండు స్థానాలు ఎడమకు జరపడమే. 16తో భాగించడమంటే చివరి నాలుగు బిట్లను వదిలివేయడమే. చిప్‌లో బిట్లను జరపడానికి ప్రత్యేక వలయం కూడా అక్కరలేదు, తీగలను మార్చి కలిపితే చాలు. ఈ విధంగా ఒక్క గుణకారిణి కూడా లేకుండా కూడికలతోనే వడపోత పూర్తవుతుంది.

అయితే బిట్ల సంఖ్య విషయంలో జాగ్రత్త అవసరం. 8 బిట్ల బిందువుకు గరిష్ఠ విలువ 255. పై వడపోతలో మొత్తం 255ను 16తో గుణించగా వచ్చే 4,080 వరకు చేరుతుంది. దానికి 12 బిట్లు కావాలి. పొరపాటున 11 బిట్లు మాత్రమే కేటాయిస్తే గరిష్ఠంగా 2,047 మాత్రమే నిలుస్తుంది. అప్పుడు సగటు ప్రకాశం 127 ఉన్న భాగం 2,032గా సరిగానే నమోదవుతుంది. సగటు ప్రకాశం 128 ఉన్న భాగం మాత్రం 2,048 కావలసింది సున్నాగా మారి నల్లగా కనిపిస్తుంది. మెరిసే మంచి గింజ నల్ల గింజగా తిరస్కరణకు గురవుతుంది. మసక గింజలతో పరీక్షించినంత కాలం ఈ లోపం బయటపడదు. మంచి పంట వచ్చినప్పుడే బయటపడుతుంది. విద్యార్థులు ప్రతి దశలోనూ గరిష్ఠ విలువను కాగితం మీద లెక్కించుకున్న తరువాతే వలయాన్ని రాయడం అలవరచుకోవాలి.

ఒక పరిశోధన ఫలితాలు

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన కాన్సాస్ రాష్ట్రంలోని మన్‌హట్టన్ పరిశోధన కేంద్రంలో టామ్ పియర్సన్ ఈ పద్ధతిలో రూపొందించిన గింజ ఎంపిక యంత్రం వివరాలు 2009లో ప్రచురితమయ్యాయి. అందులో రంగుల కెమెరా సెన్సర్‌ను నేరుగా ఎఫ్‌పీజీఏకు కలిపారు. మధ్యలో కంప్యూటరు లేదు. ఒకే వరుసలో జారిపడే గింజ చుట్టూ ఇటువంటి జంటలను మూడింటిని అమర్చడం వల్ల గింజ ఉపరితలంలో అధిక భాగం పరీక్షకు వస్తుంది. యంత్రం సెకనుకు సుమారు 75 గింజలను చూడగలిగింది. ఇది గంటకు 8 కిలోల గోధుమకు, లేదా 40 కిలోల పేలాల మొక్కజొన్నకు సమానం. ఎర్ర గోధుమను 88 శాతం, తెల్ల గోధుమను 91 శాతం మేరకు సరిగా గుర్తించింది. మొలక భాగంలో నీలి మచ్చ పడిన పేలాల మొక్కజొన్న విషయంలో చెడ్డ గింజలలో 74 శాతాన్ని తొలగించి, మంచి గింజలలో 89 శాతాన్ని మంచివిగా గుర్తించింది.

ఈ చివరి రెండు అంకెలను ఒక బస్తా మీద పెట్టి చూడటం ఉపయోగకరం. 100 కిలోల గింజలో 5 కిలోలు మచ్చ పడినవి అనుకుంటే, యంత్రం వాటిలో 3.7 కిలోలను తొలగిస్తుంది, 1.3 కిలోలు మిగిలిపోతాయి. మంచి గింజ 95 కిలోలలో 84.55 కిలోలు నిలుస్తాయి, 10.45 కిలోలు చెడ్డ వాటితో కలిసి బయటికి పోతాయి. నిలిచిన గింజలో మచ్చల శాతం 5 నుంచి 1.5కు తగ్గింది. ఇది మంచి ఫలితమే. కాని తిరస్కరించిన 14.15 కిలోలలో దాదాపు మూడు వంతులు మంచి గింజే. ‘యంత్రం ఎంత కచ్చితమైనది’ అన్న ఒక్క ప్రశ్న ఈ కారణంగానే చాలదు. చెడ్డ గింజను ఎంత వదిలింది, మంచి గింజను ఎంత పోగొట్టింది అనే రెండు ప్రశ్నలూ వేరువేరుగా అడగాలి. మొదటి నష్టం వినియోగదారునిది, రెండవ నష్టం రైతుది లేదా మిల్లు యజమానిది.

వేరుశనగలో విషం

ఈ తూకం వేరుశనగలో మరింత తీవ్రమవుతుంది. ఆస్పర్జిల్లస్ జాతి బూజు వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు మరణించినప్పుడు, వాటికి మేతగా వేసిన వేరుశనగ చెక్కను పరిశీలించగా ఈ విషం వెలుగులోకి వచ్చింది. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నియమం. ఏరివేతకు లోనుకావలసిన సరుకుకు ఈ పరిమితి 15 మైక్రోగ్రాములు. అంటే ఏరివేత విషాన్ని తగ్గించగలదని చట్టమే గుర్తించింది.

ఈ విషం రాశి అంతటా సమంగా వ్యాపించదు. కొన్ని గింజలలోనే అత్యధికంగా ఉంటుంది. ఒక్కొక్క గింజలో కిలోకు 10 లక్షల మైక్రోగ్రాముల స్థాయి కూడా నమోదైంది. అటువంటి గింజ 10,000 గింజలలో ఒక్కటి ఉన్నా, రాశి సగటు కిలోకు 100 మైక్రోగ్రాములు అవుతుంది. ఇది పై పరిమితికి 25 రెట్లు. గింజ బరువు 0.4 గ్రాము అనుకుంటే, 4 కిలోల పప్పులో ఒక గింజను పట్టుకోవడమే సమస్య. గంటకు ఒక టన్ను శుద్ధి చేయాలంటే సెకనుకు దాదాపు 700 గింజలను చూడాలి. ఒకే వరుసలో గింజలను పంపే యంత్రం దీనికి చాలదు. అనేక వరుసలను ఒకేసారి పరిశీలించే సమాంతర వలయాలు తప్పనిసరి. ఎఫ్‌పీజీఏ ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతుంది. ఒక వరుసకు రాసిన వలయాన్ని చిప్‌లో చోటున్నంత వరకు ఎన్ని వరుసలకైనా పునరావృతం చేయవచ్చు. వరుసలు పెరిగినా ఒక్కొక్క వరుస జాప్యం పెరగదు.

అయితే పరిమితులను గుర్తుంచుకోవాలి. విషం సోకిన ప్రతి గింజా రంగు మారదు. పొట్టు తీసిన పప్పులో రంగు తేడా మరింత బాగా కనిపిస్తుంది కాబట్టి ఎగుమతి సరుకులో పొట్టు తీసి ఏరడం మేలైన పద్ధతి. ఏరిన తరువాత కూడా నమూనాలను పరీక్షించవలసిందే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన చౌకైన ఎలీసా పరీక్ష ఇందుకు ఉపకరిస్తుంది.

తిరస్కరించిన గింజ ఎక్కడికి వెళ్తున్నదన్నది మరొక ముఖ్య విషయం. యంత్రం ఎంత బాగా పనిచేస్తే తిరస్కరించిన రాశిలో విషం అంత గాఢమవుతుంది. ఆ రాశి గానుగకు చేరితే విషంలో అధిక భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క పశువుల మేతలో కలిస్తే విషం మరొక రూపంలో పాలలోకి వస్తుంది. ఎగుమతి సరుకు శుభ్రమై, స్థానిక మేత కలుషితమైతే దానిని శుద్ధి అనలేము. యంత్రం కొనుగోలుకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త తిరస్కరించిన గింజను ఏమి చేయబోతున్నారో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

ఎఫ్‌పీజీఏ ప్రతి పనికీ పనికివచ్చే సాధనం కాదు. పది నిమిషాలకు ఒకసారి నేల తేమను కొలిచి బిందు సేద్యపు కవాటాన్ని తెరిచే పనికి చౌకైన మైక్రోకంట్రోలర్ చాలు. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో సాగే ట్రాక్టరుపై కెమెరాకు ఒక మీటరు వెనుక పిచికారీ నాజిల్ ఉంటే కలుపును గుర్తించడానికి 300 మిల్లీసెకన్లు లభిస్తాయి. కలుపు మొక్కను పంట మొక్క నుంచి ఆకారం బట్టి వేరుచేయడం క్లిష్టమైన పని. ఇంత వ్యవధి ఉన్నప్పుడు దానికి గ్రాఫిక్స్ ప్రాసెసర్ అనువైనది. కోట్ల కొద్దీ విలువలు ఆగకుండా ప్రవహిస్తూ, వాటిపై చేసే పని సరళంగా, ఒకే తీరుగా ఉండి, జవాబు కచ్చితమైన క్షణానికి రావలసిన చోట ఎఫ్‌పీజీఏ అనుకూలం.

దీనిని రూపొందించడం శ్రమతో కూడినది. వెరిలాగ్, వీహెచ్‌డీఎల్ వంటి వలయ వర్ణన భాషలు నేర్చుకోవాలి. ప్రోగ్రాము రాయడానికి అలవాటుపడిన వారు, ప్రతి వాక్యమూ ఏకకాలంలో పనిచేసే వలయమని గ్రహించడానికి కొంత కాలం పడుతుంది. చిన్న మార్పు చేసినా వలయాన్ని మళ్లీ అమర్చడానికి సాధనాలు చాలాసేపు తీసుకోవచ్చు. ఎక్కువ రకాల చిప్‌లలో విద్యుత్తు పోతే వలయం చెరిగిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు పక్కనున్న ఫ్లాష్ జ్ఞాపకం నుంచి మళ్లీ నింపుకోవాలి. గ్రామీణ మిల్లులలో విద్యుత్తు తరచుగా పోయి వస్తుంది కాబట్టి, ఈ పునఃప్రారంభ సమయంలో గింజ జారకుండా ఆపే ఏర్పాటు తప్పక ఉండాలి.

విద్యార్థులకు సూచనలు

ఈ రంగంలో పరిశోధన చేపట్టే విద్యార్థులు చిప్ ఎంపికతో కాక, గింజతో మొదలుపెట్టాలి. మంచి, చెడు గింజలను నిపుణుల చేత ఏరించి, తగిన కాంతిలో చిత్రాలు తీసి భద్రపరచాలి. వేరువేరు రకాలు, సీజన్లు, తేమ శాతాలు అందులో ఉండాలి. ఆ చిత్రాలపై వడపోతను ముందుగా కంప్యూటరులో పూర్ణాంకాలతోనే రాసి పరీక్షించాలి. తరువాత వలయం ఇచ్చే ఫలితం కంప్యూటరు ఫలితంతో ప్రతి బిట్‌లోనూ సరిపోతున్నదో లేదో చూడాలి. ఆ పిమ్మటే గాలి కవాటాన్ని కలపాలి. కెమెరా అద్దంపై దుమ్ము, దీపం కాంతి తగ్గడం వంటివి నిర్ణయాన్ని ఎంత మారుస్తాయో కొలవాలి. ఫలితాలను ఒకే శాతంగా కాక, వదిలిన చెడ్డ గింజ, పోయిన మంచి గింజ అని రెండుగా నమోదు చేయాలి.

గింజ రంగు ఏ గీత దాటితే చెడ్డదని నిర్ణయించాలో చిప్ చెప్పదు. ఆ గీతను మనుషులు గీస్తారు. గీతను ఒకవైపు జరిపితే రైతు సరుకు తగ్గుతుంది, మరొకవైపు జరిపితే తినేవారికి ముప్పు పెరుగుతుంది. మిల్లులో ఆ గీతను ఎవరు, ఏ నమూనా ఆధారంగా, ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా ఉంచే పద్ధతిని విస్తరణ కార్యక్రమాలలో ప్రోత్సహించాలి. అప్పుడే తిరస్కరణకు గురైన రైతు తన సరుకును ఏ ప్రమాణంతో కొలిచారో అడగగలుగుతాడు, దానికి జవాబు కూడా లభిస్తుంది.